బీవీఎస్సీ తర్వాత మొదటి ఉద్యోగం: జీతం అడిగే ముందు, పక్కన సీనియర్ ఉంటారా అని అడగండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. కోరుట్ల వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ ముగించబోతున్న, సర్జరీ అంటే ఇష్టమున్న అమ్మాయి రాసి అడిగింది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లుల క్లినిక్. జీతం బాగుంది కానీ రెండేళ్ల బాండ్ రాయాలి, మొదటి నెల నుంచే నైట్ డ్యూటీ. రెండోది షాద్‌నగర్ వైపు బ్రాయిలర్ కంపెనీలో ఫీల్డ్ డాక్టర్ ఉద్యోగం, జీతం కాస్త తక్కువ. నాన్నగారేమో ఏదీ వద్దు, వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుడి పోస్టు) నోటిఫికేషన్ పడేదాకా కోచింగ్‌లో కూర్చో అంటున్నారు. బంధువులు ఆడపిల్లకు గేదెల వైద్యం ఏమిటంటున్నారు. స్నేహితురాలు అమెరికా పరీక్షలకు చదువుతోంది. ఎటు వెళ్లాలి?

అమ్మా, నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదట కోళ్ల ఫారాలు, తర్వాత పల్లెల్లో పాడి పశువులు, ఇప్పుడు నగరంలో చిన్న జంతువుల ఆసుపత్రి. కొత్త డాక్టర్లను ఇంటర్వ్యూ చేసి తీసుకునే పని కూడా నాదే. అందుకని రెండు వైపుల నుంచీ చెబుతాను.

మొదటి రెండేళ్లు నువ్వు ఎక్కడ పనిచేసినా, నీ కేసు చూసి "ఇది సరే, ఇది కాదు" అని చెప్పే సీనియర్ పక్కన ఉండాలి. జీతం, పోస్టు పేరు, ఊరు, అన్నీ ఆ తర్వాతే. కాలేజీలో ఐదున్నరేళ్లు చదివినా, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్ అయినా, నువ్వే నిర్ణయం తీసుకుని, నువ్వే మందు ఇచ్చి, మర్నాడు ఫలితం చూసుకున్న కేసులు చాలా కొద్దిగానే ఉంటాయి. చేయి తిరిగేది ఆ తర్వాతి వందల కేసుల్లోనే. ఆ కేసులు ఒంటరిగా చూస్తే తప్పు కూడా అలవాటైపోతుంది. సరిదిద్దేవాళ్లు ఉంటే రెండేళ్లలో వచ్చే పనితనం, ఒంటరిగా ఐదేళ్లు చేసినా రాదు. నా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లలో ఈ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన ఆశ తప్పేమీ కాదు. ప్రభుత్వ పశువైద్యుడి ఉద్యోగం మంచి ఉద్యోగం. తెలంగాణలో 2022 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషన్‌లో 185 వీఏఎస్ పోస్టులు, స్కేలు 54,220 నుంచి 1,33,630. ఊళ్లో గౌరవం, చివరిదాకా భద్రత. కానీ ఇంకో లెక్క కూడా ఆయనకు చెప్పు. మన రెండు రాష్ట్రాల్లో ఈ నోటిఫికేషన్లు ఏటా పడవు. ఒకటి పడ్డాక పరీక్ష, ఫలితం, కోర్టు కేసులు, పోస్టింగు, ఇలా సాగుతూనే ఉంటుంది. ఈలోగా రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీల నుంచి ఏటా కొత్త బ్యాచ్ బయటికొస్తుంది. రెండేళ్లు గదిలో కూర్చుని చదివిన వాళ్లకు చివరికి పోస్టు రాకపోతే, అప్పుడు ప్రైవేటులో చేరదామన్నా చేతిలో పని ఉండదు. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకున్నదీ మర్చిపోయి ఉంటారు. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు నిజంగా బాధేస్తుంది. చదువులో ఏ లోటూ లేనివాళ్లు, సిర దొరకబుచ్చుకోవడానికి చేయి వణుకుతుంది.

అందుకే ఉద్యోగం చేస్తూనే చదువు. ఆ పరీక్షలో జనరల్ స్టడీస్ ఒక పేపరు, సబ్జెక్టు ఒక పేపరు. సబ్జెక్టుకే బరువు ఎక్కువ. పగలు చూసిన కేసును రాత్రి పుస్తకంలో చదివితే, అది పరీక్షకు చదివినట్టే. జనరల్ స్టడీస్‌కు రోజూ ఒక గంట కేటాయించు. నోటిఫికేషన్ పడ్డాక చివరి మూడు నెలలు సెలవు పెట్టో, ఉద్యోగం మానేసో పూర్తిగా కూర్చోవచ్చు. ఈ మాట నువ్వే ఇంట్లో నెమ్మదిగా చెప్పు, వింటారు. సర్వీసులో చేరాక ప్రమోషన్లు అసిస్టెంట్ డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, జాయింట్ డైరెక్టర్ అంటూ మెట్లెక్కినా, అవి సీనియారిటీతో నెమ్మదిగా వస్తాయి. పై మెట్లలో వైద్యం తగ్గి ఫైళ్లు, టీకా లక్ష్యాలు, పథకాలు పెరుగుతాయి. అది నీకు ఇష్టమా కాదా అన్నది కూడా ఆలోచించుకో. ఒక మండలం మొత్తం గాలికుంటు టీకా సక్రమంగా వేయించడం చిన్న పని అని నేను అనను. వందల ఇళ్ల పాడి దాని మీదే నిలబడుతుంది.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లో కాంట్రాక్టు డాక్టరుగా చేరనా అని కూడా చాలామంది అడుగుతుంటారు. తెలంగాణలో 2017లో వంద వాహనాలతో మొదలైంది. ఆంధ్రలో 2022లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున వచ్చాయి. కేసుల సంఖ్య చూస్తే ఇంతకంటే మంచి చోటు దొరకదు. కడుపుబ్బరం, పొదుగువాపు, పాలజ్వరం, మాయ పడకపోవడం, అన్నీ వరసగా వస్తాయి. కానీ వాహనంలో నువ్వూ, ఒక పారావెట్ (పశువైద్య సహాయకుడు), డ్రైవరూ అంతే. తప్పొప్పులు చెప్పే సీనియర్ ఉండడు. ఇందులో చేరేవాళ్లు ఆ ప్రాంతంలో అనుభవమున్న వీఏఎస్‌నో, అసిస్టెంట్ డైరెక్టరుగారినో ముందే కలిసి, అవసరమైనప్పుడు ఫోన్ చేస్తానని మాట తీసుకుని చేరాలి. ఇలా అడిగితే కాదనే పెద్దవాళ్లను నేనైతే చూడలేదు.

ఆడపిల్ల, గేదెలు అన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ మాటకే ఎంతోమంది తెలివైన అమ్మాయిలు ఇష్టమున్నా పెద్ద పశువుల వైద్యం వదిలేస్తున్నారు. గేదె ఈనలేకపోతోందని పిలుపు వచ్చినప్పుడు అక్కడ కావాల్సింది కండబలమని బయటివాళ్లు అనుకుంటారు. మన గేదెల్లో ఈత కష్టమవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి గర్భసంచి మెలిపడటం. చేయి పెట్టి ఆ మెలి ఏ వైపు తిరిగిందో గుర్తించడమే అసలు వైద్యం. గుర్తించాక పశువును ఆ వైపే పడుకోబెట్టి, పొట్ట మీద పలక వేసి, మెలి తిరిగిన వైపుకే దొర్లించాలి. తాళ్లు పట్టి దొర్లించేది ఊళ్లోవాళ్లు నలుగురైదుగురు. వైపు తప్పు చెబితే ఎంత బలవంతులు దొర్లించినా మెలి ఇంకా బిగుస్తుంది. దూడ తల పక్కకు తిరిగి ఉంటే తోక దగ్గర ఎపిడ్యూరల్ (వెన్నులో మత్తు సూది) ఇచ్చి, నొప్పులు తగ్గించి, దూడను లోపలికి నెట్టి, చోటు చేసుకుని తల సరిచేయాలి. సన్నటి చేయి ఉన్నవాళ్లకు ఇది సులువే. మేకలు, గొర్రెల్లో అయితే మరీ. లాగేటప్పుడు పశువు నొప్పి తీసినప్పుడే లాగాలి, ఆగినప్పుడు ఆగాలి. ఇదంతా నేర్పుతో, ఓపికతో చేసే పని.

నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ మాట్లాడరు. చాలా గ్రామీణ పశువైద్యశాలల్లో టాయిలెట్ ఉండదు, ఉన్నా నీళ్లుండవు. రాత్రి పిలుపుకు ఒంటరిగా వెళ్లాలా వద్దా అన్నది ఇంకొకటి. డాక్టరే గర్భంతో ఉన్నప్పుడు ఈసుకుపోయిన (గర్భస్రావమైన) పశువులకు చేయి పెట్టడం, వాటి నుంచి మనకూ అంటే బ్రూసెల్లా జబ్బు భయం, ఎక్స్‌రే గదిలో నిలబడటం ఇంకా పెద్దవి. ఉద్యోగంలో చేరేముందు వీటి గురించి సూటిగా అడుగు. సిగ్గుపడాల్సిన విషయాలు కావు. రాత్రి పిలుపుకు గోపాలమిత్రనో (పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త), అటెండర్‌నో వెంట పంపుతారా? గర్భిణిగా ఉన్నప్పుడు ఆ పనులు వేరేవాళ్లకు అప్పగిస్తారా? అడిగినందుకే ముఖం మాడ్చుకునే యజమాని దగ్గర పనిచేయకపోవడమే మేలు. రైతుల సంగతంటావా, మొదటిసారి "డాక్టరమ్మేనా వచ్చింది" అంటారు. ఒక్క గేదె లేచి నిలబడిందంటే తర్వాత ఊరంతా నీ నంబరే పెట్టుకుంటుంది.

ఇక హైదరాబాద్ క్లినిక్. నాకు అభ్యంతరం ఉన్నది నైట్ డ్యూటీ విషయంలో. మొదటి నెల డాక్టరును రాత్రి ఒంటరిగా పెట్టడం ఆ డాక్టరుకూ మంచిది కాదు, వచ్చే జంతువుకూ మంచిది కాదు. రాత్రి పదకొండింటికి కడుపుబ్బి ఊపిరాడని గ్రేట్ డేన్ వస్తుంది. ఎలుకల మందు తిన్న కుక్కపిల్ల వస్తుంది. మూత్రం ఆగిపోయిన మగపిల్లి వస్తుంది. వీటిలో ఏదీ తెల్లారేదాకా ఆగదు. యజమాని ఏడుస్తూ ఉంటాడు, ఖర్చెంతని అడుగుతాడు, బతుకుతుందా అని అడుగుతాడు. ఆ సమయంలో అరగంటలో రాగలిగిన సీనియర్ ఉంటే నువ్వు నేర్చుకుంటావు. లేకపోతే ఆ భయం, ఆ టెన్షన్ మనసులో ఉండిపోయి, మంచి డాక్టర్లు కూడా ఈ వృత్తి వదిలి వెళ్లిపోతున్నారు.

బాండ్ సంగతి. శిక్షణ ఇస్తామని, అందుకు బదులుగా ఏడాది ఉండమని అడగడం న్యాయమే. ఏం శిక్షణ ఇస్తారో ఆ కాగితంలో రాయాలి. సర్జరీలు ఎవరు నేర్పుతారు, అల్ట్రాసౌండ్ మీద చేయి వేయనిస్తారా, అనస్థీషియా ఇచ్చేటప్పుడు పక్కన ఎవరుంటారు, ఇవేవీ లేకుండా "మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు. చూపించి వెనక్కి తీసుకో, జిరాక్సులు ఇవ్వు. నోటీసు పీరియడ్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వారానికి ఒక సెలవు, డ్యూటీ గంటలు, రేబిస్ ముందస్తు టీకాల ఖర్చు ఎవరిదన్నది కూడా రాయించుకో. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. కాబట్టి వైద్యంలో తప్పు జరిగిందని కేసు పడితే ఆదుకునే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ క్లినిక్ పేరు మీద ఉందా, నీకూ వర్తిస్తుందా అని అడుగు. జీతంలో కొంత భాగం రాసిన టెస్టులను బట్టి, అమ్మిన మందులను బట్టి ఇస్తామంటే మాత్రం బాగా ఆలోచించు. కొత్త డాక్టరు చేతిని అది తప్పుదోవ పట్టిస్తుంది.

మేము తీసుకునేటప్పుడు ఏం చూస్తామో కూడా చెబుతాను. మార్కుల జాబితా నేను చివర చూస్తాను. "ఇంటర్న్‌షిప్‌లో నువ్వు మొదటి నుంచి చివరిదాకా చూసిన ఒక కేసు చెప్పు" అని అడుగుతాను. ఏ లక్షణాలతో వచ్చింది, ఏమేం అనుకున్నావు, ఏది ఎందుకు కాదన్నావు, ఏ డోసు ఇచ్చావు, మర్నాడు ఎలా ఉంది? చనిపోయిన కేసు చెప్పినా పర్వాలేదు, ఎందుకు చనిపోయిందో ఆలోచించి ఉంటే చాలు. తర్వాత ఒక చిన్న లెక్క. పది కిలోల కుక్కపిల్ల, పార్వో (వాంతులు, విరేచనాలు పట్టుకునే వైరస్ జబ్బు), 8 శాతం డీహైడ్రేషన్, ఎంత సెలైన్ కావాలి? లోటే 800 మిల్లీలీటర్లు. రోజువారీ అవసరం, వాంతులు విరేచనాల్లో పోయేది దానికి అదనం. ఈ లెక్క కాగితం మీద చేసి చూపించినవాళ్లు, "ఆర్‌ఎల్ సెలైన్ పెడతాం మేడం" అని ఊరుకున్నవాళ్ల కంటే నాకు ఎక్కువ పనికొస్తారు. తెలియనిది "తెలియదు, చూసి చెబుతాను" అనగలిగిన వాళ్లను నేను వదులుకోను. ఇంకా మిగిలిన రోజుల్లో నువ్వు చేయాల్సింది కేసు బుక్కు రాయడం. తేదీ, జాతి, వయసు, లక్షణాలు, చేసిన వైద్యం, ఫలితం. ఆ పుస్తకం తెచ్చిన పిల్లలు చాలా తక్కువ, అందరికీ ఉద్యోగం ఇచ్చాను.

మన దగ్గర ఉద్యోగాలు ప్రకటనల ద్వారా దొరికేవి కొన్నే. ఎక్కువ భాగం సీనియర్లకు, ప్రొఫెసర్లకు వచ్చే ఫోన్లతోనే నిండిపోతాయి. "మీ బ్యాచ్‌లో పనిచేసే పిల్లలెవరైనా ఉన్నారా సార్" అని నేనే అడుగుతుంటాను. ఇంటర్న్‌షిప్‌లో నిన్ను చూసిన ప్రతి టీచరూ రేపు నీ గురించి చెప్పబోయేవాళ్లే. వెళ్లిపోయే ముందు వాళ్లను కలిసి, నీకు ఏ పని కావాలో స్పష్టంగా చెప్పి రా.

కోళ్ల ఉద్యోగాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. నేను ఒప్పుకోను. అక్కడ రోజూ పోస్ట్‌మార్టం చేస్తావు. కొక్కెర తెగులు, గంబోరో, కాక్సిడియోసిస్, కోలీ, మేతలో బూజు విషం, వీటిని లోపలి అవయవాలు చూసి గుర్తుపట్టే కన్ను ఇంకెక్కడా ఇంత త్వరగా రాదు. రెండోది, డబ్బు లెక్కలో వైద్యం చూడటం నేర్చుకుంటావు. పదివేల కోళ్ల షెడ్డు, ఒక్కోటి రెండు కిలోలు. మొత్తం ఇరవై వేల కిలోలు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు కోడి తినే మేత కిలోలు) 1.6 రావాల్సింది 1.7 వస్తే, అదనంగా తిన్న మేత 2,000 కిలోలు. కిలో 40 రూపాయలనుకున్నా ఒక్క బ్యాచ్‌లో 80 వేలు పోయినట్టే. ఈ లెక్క వేసి రైతుకు, మేనేజరుకు వివరించగలిగిన డాక్టరు కంపెనీలో త్వరగా పైకి వెళ్తాడు. ఫీల్డ్ డాక్టరు నుంచి బ్రాంచి, అక్కడి నుంచి టెక్నికల్ మేనేజరు, ల్యాబ్, ఫీడ్ మిల్లు. లేయర్ల (గుడ్ల కోళ్ల) వైపు వెళ్తే తణుకు, అనపర్తి ప్రాంతాల్లో సొంతంగా కన్సల్టెన్సీ చేసుకుంటున్న డాక్టర్లున్నారు. కష్టాలూ ఉన్నాయి. ఎండలో బైకు మీద తిరగాలి, బ్యాచ్ పోతే తప్పు డాక్టరు మీదికి నెట్టేవాళ్లుంటారు, అమ్మకానికి ముందు యాంటీబయాటిక్ ఆపే గడువు పాటించవద్దని ఒత్తిడి రావచ్చు. ఆ గడువు విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు.

ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) గురించి నువ్వు అడగలేదు కానీ అడగాల్సిందే. రెండేళ్ల చదువు, ఏ విభాగం అన్నదే నీ తర్వాతి ఇరవై ఏళ్లను తేలుస్తుంది. ఆసుపత్రి కావాలంటే సర్జరీ, మెడిసిన్, గైనకాలజీ. టీకాలు, ల్యాబులు కావాలంటే మైక్రోబయాలజీ, పాథాలజీ. హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి టీకా సంస్థ, జీనోమ్ వ్యాలీ ల్యాబులు ఉన్నాయి కాబట్టి ఈ విభాగాలకు ఇక్కడే గిరాకీ ఉంది. మేత కంపెనీలకు న్యూట్రిషన్. మందుల పరీక్షల సంస్థల్లో ల్యాబు జంతువుల సంరక్షణ చూసేందుకు పశువైద్యులు కావాలి, ఫార్మకాలజీ, టాక్సికాలజీ అక్కడ పనికొస్తాయి. జాతీయ స్థాయిలో జరిగే ఐకార్ పీజీ పరీక్ష రాసి ఇజత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐకో, లుధియానా, చెన్నై వెటర్నరీ కాలేజీలకో వెళ్లగలిగితే వెళ్లు. కొత్త చోట చూసే కేసులు, కొత్త టీచర్లు, రెండూ మేలే. ఒకటి రెండేళ్లు పనిచేశాక పీజీకి వెళ్లినవాళ్లు విభాగం బాగా ఎంచుకుంటారని నేను గమనించాను. అప్పటికి తమకు ఏది ఇష్టమో తెలుస్తుంది.

బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్, ఫారెస్ట్ సర్వీసు, సైన్యంలో పశువైద్య విభాగమైన రిమౌంట్ వెటర్నరీ కోర్, అన్నింటికీ మన డిగ్రీ చెల్లుతుంది. ఇష్టముంటే రాయి. కాకపోతే వీటిలో కొన్నిటికి వయసు పరిమితి గట్టిగా ఉంటుంది, ముందే చూసుకో.

అమెరికా విషయానికొస్తే, నీ స్నేహితురాలికి ఓపిక, డబ్బు రెండూ ఉంటే మంచి దారే. మన డిగ్రీ అక్కడ నేరుగా చెల్లదు. ఈసీఎఫ్‌వీజీ అనే దారిలో కాగితాల పరిశీలన, ఇంగ్లిష్ పరీక్ష, ప్రాథమిక శాస్త్రాల పరీక్ష, చివర చేతిపని పరీక్ష ఉంటాయి. ఇవి కాక లైసెన్సు కోసం నావ్లే అనే పరీక్ష రాయాలి. పేవ్ అని ఇంకో దారి ఉంది, అందులో అక్కడి కాలేజీలో ఏడాది క్లినికల్ శిక్షణ చేయాలి. అంతా కలిపి వేల డాలర్ల ఖర్చు, ఏళ్ల సమయం. బ్రిటన్‌కు ఆర్‌సీవీఎస్ పరీక్ష, ఆస్ట్రేలియాకు వాళ్ల పరీక్ష విడిగా ఉన్నాయి. అమెరికా చేతిపని పరీక్షలో అనస్థీషియా, సర్జరీ, గుర్రాలు, ఆవులు అన్నీ చేసి చూపించాలి. ఇక్కడ రెండేళ్లు గట్టిగా పనిచేసినవాళ్లకే ఆ పరీక్ష కాస్త తేలిక. కాబట్టి ఆ ఆలోచన నీకూ ఉంటే, మొదటి ఉద్యోగం గురించి నేను చెప్పినదే దానికీ పనికొస్తుంది.

ఇప్పుడు నీ రెండు ఉద్యోగాల్లో ఏదో ఒకటి తేల్చాలి. క్లినిక్ వాళ్లకు ఫోన్ చేసి మూడు విషయాలు అడుగు. మొదటి ఆరు నెలలు నైట్ డ్యూటీలో సీనియర్‌తో కలిపి వేస్తారా, బాండ్ ఏడాదికి తగ్గిస్తారా, ఇచ్చే శిక్షణ కాగితంలో రాస్తారా? మూడింటికీ సరేనంటే అక్కడ చేరు. నీకు సర్జరీ మీద ఇష్టమని రాశావు కదా, అది అక్కడే తీరుతుంది. మొదటిదానికి కాదన్నా, "చూద్దాంలే అమ్మా" అన్నా, షాద్‌నగర్ వెళ్లు. వెళ్లే ముందు ఆ బ్రాంచిలో సీనియర్ డాక్టరు ఎవరో కనుక్కుని, ఒక రోజు ఆయనతో ఫారాలు తిరిగి చూస్తానని అడుగు. జీతం తేడా గురించి దిగులు పడకు. ఇంటర్న్‌షిప్ పూర్తయిన వారంలోనే తెలంగాణ వెటర్నరీ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం అది లేకుండా సొంతంగా వైద్యం చేయకూడదు. ఆ నంబరు రాకముందు నీ పేరుతో ఎవరు ప్రిస్క్రిప్షన్ రాయమన్నా రాయకు.